రెండో గేరు మొండిది

మస్కట్‌కి దగ్గర్లో బర్కా హైవే పక్కన ఖాదర్‌వలి పాత విడిభాగాల యార్డు, శుక్రవారం పొద్దు. అల్ అమెరాత్‌లో ఇంటిముందు షెడ్డులో సొంత చేతుల్తో కట్టుకుంటున్న చిన్న కారుకి గేర్‌బాక్స్ కొనడానికి సీతాదేవి వచ్చింది. ఆవిడ కొనకుండా చూడడానికి మొగుడు జనార్దనరావు వచ్చాడు.

"ఆటోమేటిక్ పెడితే నీ కారుకి వచ్చిన నామోషీ ఏంటి సీతా? అది చెప్పు ముందు."

"నామోషీ కాదండీ. నాకు వద్దు."

"వద్దంటే వద్దేనా? కారణం ఉండొద్దూ?"

"కారణం షెడ్డులో చెప్పాను, దారిలో చెప్పాను, పెట్రోల్ బంకులో చాయ్ తాగుతూ చెప్పాను. ఇంకోసారి చెప్తే నాకే విసుగొస్తుంది. గేరు నేనే మార్చుకుంటాను. బండి నన్నడిగి కదలాలి. దాని ఇష్టమొచ్చినప్పుడు అదే మార్చుకునేట్టయితే నేనెందుకు, సీట్లో ఓ దిండు పెట్టండి చాలు."

"మోకాలు మార్పించుకున్న మనిషివి. అదీ ఎడమ మోకాలు. క్లచ్ ఏ కాలితో తొక్కుతారు?"

"ఎడమ కాలితో."

"మరి?"

"మరేంటి? ఆ కాలు నాదే కదా."

"డాక్టర్ ఏమన్నాడు? ఈ జన్మలో ఇక క్లచ్ జోలికి వెళ్లొద్దన్నాడా లేదా?"

"మీతో అన్నారు."

"నాతోనే అన్నాడు. నువ్వు హైదరాబాద్‌లో ఆపరేషనై మత్తులో పడుకునుంటే, ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి మరీ అడిగాను."

"ఊఁ. ఫోన్ చేసి మరీ అడిగారు."

"అలా ఊఁ అంటావేంటి?"

"ఊఁ అనడం కూడా డాక్టర్ వద్దన్నారా?"

"అస్సలాం అలైకుం సార్! రండి, రండి. నమస్తే మేడమ్. మీ మాటలు గేటుదాకా వినపడతాండాయి. మనోళ్లే, తెలుగోళ్లే అనుకున్యా. నేను ఖాదర్‌వలి, ఈ యార్డు చూసుకునేది నేనే. మాది రాయచోటి. కారు బయటనే పెట్టినారేం సార్, లోపలికి తెచ్చుకోవాల్సింది."

"గేట్లో ఆ ఇనప డ్రమ్ములు అలా అడ్డంగా ఉంటే ఎలా తెస్తాను బాబూ?"

"అడ్డం యాడ సార్, మధ్యలోంచి పికప్పులు పోతాంటాయి కదా. సరేలే సార్, ఏం కావాల?"

"ఏం లేదు, ఊరికే ఓసారి చూద్దామని..."

"గేర్‌బాక్స్ కావాలి ఖాదర్‌వలి గారూ. మాన్యువల్."

"ఏ బండికి సార్?"

"బండి నాది. నన్నడగండి."

"తప్పయిపోయింది మేడమ్. ఏ బండికి?"

"దానికింకా పేరు పెట్టలేదు. చట్రం, బాడీ పెట్టెల్లో వస్తాయి, బిగించుకోవడం మన పని. రెండే సీట్లు, ఇంజన్ సీట్ల వెనకాల కూర్చుంటుంది. ఇంజన్ దొరికింది. చక్రాలు బిగించాను. ఇక గేర్‌బాక్స్ ఒక్కటే తక్కువ."

"ఇంట్లో కారు కడతాండారా! అల్లా... మీరా? సార్ కడతాంటే మీరు తోడు వచ్చినారనుకున్యా."

"సార్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. అందరికీ హెల్మెట్ పెట్టిస్తారు. షెడ్డులోకొస్తే నాకూ పెట్టిస్తారు. స్పానర్ మాత్రం అందించరు."

"ఎందుకందించనూ! మొన్న అందించలేదూ?"

"అందించారు. పట్టకారు."

"రెండూ ఇనపవే కదా, ఏదో కంగారులో... ఖాదర్‌వలీ, ఆటోమేటిక్‌లు ఏమున్నాయయ్యా నీ దగ్గర?"

"ఆటోమేటిక్ శానా ఉండాయి సార్. కొండ మాదిరి. ...సార్, మిమ్మల్ని యాడో చూసినట్టుందే."

"నన్నా? లేదే. నేనెప్పుడూ ఇటు రాలేదు."

"లేదు సార్, ఈ కండ్లద్దాలు, ఈ మీసం..."

"మస్కట్‌లో తెలుగువాళ్లం అందరం ఇలాగే ఉంటాం. ఏ ఉగాది ఫంక్షన్‌లోనో చూసుంటావు. సీతా, ఎండెక్కుతోంది. వాదీ కబీర్‌లో చూసిందే నయం, పద వెళ్దాం."

"వాదీ కబీర్‌లో అన్ని షాపులూ తిప్పారు కదండీ. ఏ షాపువాడైనా 'బర్కాలో ఖాదర్‌వలి దగ్గరుంటుంది' అనే అన్నాడు. ఆ మాట వినగానే మీకు కడుపునొప్పి వచ్చింది."

"అది ఆ సమోసా వల్ల."

"సమోసా నేనూ తిన్నాను. ఖాదర్‌వలి గారూ, మాన్యువల్ చూపించండి."

"ఇదో మేడమ్, ఇది చూడండి. ఆరు గేర్లు. కొత్త మాల్. జింకలాగా పోతాది."

"నూనె కొంచెం కిందికి వదలండి. ఈ మూతలోకి. చాలు. ...చూశారా? నూనెలో వెండిపొడిలా మెరుస్తోంది. లోపల పళ్లన్నీ అరిగి ఈ నూనెలోకొచ్చేశాయి. జింకకి పళ్లు రాలిపోయాయండీ."

"మేడమ్ ముందర ఏం దాచలేమబ్బా. మేడమ్ మెకానిక్కా?"

"ఇండియన్ స్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. పళ్లచక్రాల పాఠం బోర్డు మీద గీసీ గీసీ, ఒక్కసారి చేత్తో పట్టుకోవాలనిపించింది."

"అలా అనిపిస్తే మ్యూజియంకి వెళ్తారు సీతా. ఇంట్లో కారు కట్టరు."

"మీకు అనిపించినప్పుడు మీరు మ్యూజియంకి వెళ్లండి."

"అదసలు రోడ్డెక్కుతుందో లేదో! ముల్కియా, ఆ రిజిస్ట్రేషన్ కార్డు, ఎవడిస్తాడు ఇంట్లో కట్టిన బండికి?"

"ఇస్తే రోడ్డెక్కిస్తాను. ఇవ్వకపోతే కార్ల క్లబ్బువాళ్ల ట్రాక్ మీద తిప్పుతాను. అదీ కాదంటే మన వీధి చివర దాకా వెళ్లి వస్తాను. ఎంత దూరమైనా సరే, గేరు మార్చేది నేనే. ఖాదర్‌వలి గారూ, నాకు ఆరు గేర్లు వద్దు. ఐదు చాలు. ఆ పాత మోడల్ చిన్న కార్లొచ్చేవి చూడండి, వైరు క్లచ్‌వి. నేను దాన్నే నడిపేదాన్ని. అందుకే ఇంజన్ కూడా ఆ మోడల్‌దే తెచ్చుకున్నాను. ఆ గేరు నా చేతికి తెలుసు."

"అది దొరకదు. ఎప్పటి మోడల్ అది! దొరకదు కదా ఖాదర్‌వలీ? దొరకదని చెప్పు."

"ఉండాది సార్! ఒకే ఒక్కటి ఉండాది, లోపల షెడ్డులో. ఈ కాలంలో మాన్యువల్ ఎవురికి కావాల, ఎవురూ అడగలా, అట్నే పడుండాది."

"లోపల వద్దు. లోపలంతా దుమ్ము. సీతకి దుమ్ము పడదు."

"నాకు దుమ్ము పడుతుంది. ఏ రోజూ పడకుండా లేదు. మీరు ఇక్కడ నీడలో కూర్చోండి."

"లేదు లేదు, నేనూ వస్తాను. నేనే ముందు వెళ్తాను. నేల మీద ఇనప ముక్కలుంటాయి, చూసుకుని నడు."

"మేడమ్, మీరు నడిపిన బండి ఇప్పుడు యాడుంది?"

"సమాయిల్‌లో. నేను మోకాలి ఆపరేషన్‌కి ఇండియా వెళ్లి వచ్చేసరికి సార్ అమ్మేశారు. ఎలాగూ నేనిక క్లచ్ తొక్కకూడదట కదా. ఖర్జూరం తోటాయన కొన్నారు, వాళ్ల అమ్మాయి కాలేజీకి వేసుకెళ్తుంది. అరీబా. మంచి పిల్ల. ప్రతి ఈద్‌కీ మర్చిపోకుండా ఖర్జూరాల పెట్టె పంపుతుంది. కదండీ?"

"ఊఁ."

"మొన్న ఈద్‌కి కూడా పంపింది కదండీ?"

"ఊఁ ఊఁ. ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఆపరేషన్ మంచం మీద బాధ పడలేదు ఖాదర్‌వలి గారూ, ఎయిర్‌పోర్ట్ బయట వేరే బండి కనపడేసరికి ఏడుపొచ్చింది. తర్వాత ఆ పిల్ల సంగతి విని మనసు కుదుటపడింది. పోన్లే, ఓ ఆడపిల్ల నేర్చుకుంటోంది నా బండి మీద అని. రెండో గేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలని ఎవరైనా చెప్పారో లేదో అనుకుంటూ ఉంటాను ఇప్పటికీ."

"ఇప్పుడున్న బండి సార్ తోల్తారా?"

"సారే. ఆటోమేటిక్. నేను పక్క సీట్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంటాను. అదొక్కటే నాకు మిగిలిన పని."

"నీకూ తోలడానికి ఇస్తానన్నాను కదా. నువ్వే వద్దన్నావు."

"అది తోలడం కాదండీ. అది కూర్చోవడం."

"సార్‌కి మాన్యువల్ తోలే అలవాటు లేదా?"

"లేకేం! ఉంది. ఇండియాలో... అంటే... ఇక్కడ లైసెన్సు తీసుకునేటప్పుడు... లైసెన్సంటే లైసెన్సే కదా బాబూ, అందులో తేడా ఏముంది?"

"సార్‌కి డ్రమ్ముల టెస్ట్ పడలేదు ఖాదర్‌వలి గారూ."

"సీతా!"

"నేనేమన్నాను?"

"పదిమందిలో ఆ మాట అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

"ముగ్గురమే ఉన్నాం."

"సార్, సిగ్గెందుకు సార్, ఆ డ్రమ్ములు నాకూ చెమటలు పట్టిచ్చినాయి. వెనక్కి తిప్పి డ్రమ్ముల మధ్య పెట్టాల. ఒక్కటి తగిల్తే ఇంటికే. ఆ పోలీసాయన నవ్వను కూడా నవ్వడు. మేడమ్ పాసయినారా?"

"మొదటిసారే. సార్ మాత్రం తగిలించీ తగిలించీ, చివరికి ఆటోమేటిక్ లైసెన్సు తీసుకున్నారు. తప్పులేదు. నేనెక్కడా అనలేదు కూడా. మా స్నేహితులందరికీ ఆయనే నాకు డ్రైవింగ్ నేర్పించారని చెప్పుకుంటే, కాదనకుండా ఊరుకున్నాను."

"ఇప్పుడు అన్నావుగా."

"ఇప్పుడు అన్నాను. మీరు నా మోకాలి గురించి ఊరంతా చెప్తుంటే, నేను ఒక్కరికి చెప్పాను."

"ఇదో మేడమ్. ఈ మూలన ఉండాది. పైన టైర్లు తీపిస్తా ఉండండి. ...చూడండి, కేసు ఎంత బాగుందో. బండి వెనకాల దెబ్బ తినింది, ముందరంతా క్షేమం. ఇంజన్ ఎవురో కొనుక్కోని పోయినారు, ఇదొక్కటి మిగిలింది."

"బాగుంది. నూనె కూడా శుభ్రంగా ఉంది. ...ఏవండీ, ఏం తుడుస్తున్నారు?"

"ఏం లేదు. తుప్పు."

"అల్యూమినియానికి తుప్పేంటండీ?"

"మట్టి. మట్టి అంటుకుంది."

"మట్టి ఎర్రగా ఉంటుందా బర్కాలో? చెయ్యి తీయండి."

"బట్టలకి నూనె అవుతుంది, నువ్వు అవతలికి జరుగు..."

"చెయ్యి తీయండి."

"సీతా..."

"చెయ్యి తీయమన్నాను."

"సార్, దాన్ని ఎంత రుద్దినా పోదు. మేము కిరసనాయిలు పెట్టి కూడా చూసినాము. వచ్చినప్పుడే ఉండాది ఆ ఎర్ర చుక్క. ఏదో గుర్తు మేడమ్."

"గుర్తు కాదు ఖాదర్‌వలి గారూ. బొట్టు."

"బొట్టా? గేర్‌బాక్స్‌కా?"

"దసరాకి అందరూ బానెట్ మీద బొట్టు పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. నేను మాత్రం, కష్టపడేది ఇదైతే బానెట్‌కెందుకు బొట్టని, కింద దూరి దీనికి పెట్టాను. కుంకుమ నూనెకి నిలవదని నెయిల్ పాలిష్‌తో పెట్టాను. కాళ్లు బయటికి కనపడుతున్నాయి, పరువు పోతోందని ఈయన పైనుంచి ఒకటే గొడవ."

"నెయిల్ పాలిష్ వేసుకునేవాళ్లు దేశంలో బోలెడుమంది ఉంటారు సీతా."

"గేర్‌బాక్స్‌కి వేసేవాళ్లు?"

"ఆలస్యమవుతోంది సీతా, పద."

"ఆ గేరు రాడ్ ఇలా ఇవ్వండి ఖాదర్‌వలి గారూ. ఆ ఇరుసు మీరు తిప్పుతూ ఉండండి. ఒకటి... పడింది. ఇప్పుడు రెండు... ఆగింది. చూశారా, ఆగింది. మొండిది. తొందరపెడితే గుర్రుమంటుంది. ఒక్క క్షణం ఊరుకుని మళ్లీ అడగాలి. ఇదిగో. వెళ్లింది. ...నా బండేనండీ ఇది."

"మేడమ్, కూర్చోండి. నీళ్లు తెప్పిస్తా."

"నాకు నీళ్లొద్దు. అరీబా ఎక్కడుందండీ?"

"సీతా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఆ పిల్ల ఎక్కడ?"

"లేదు."

"లేదంటే?"

"అసలు లేదు. అరీబా లేదు, తోటాయన లేడు."

"మరి ఖర్జూరాలు?"

"సీబ్ బజార్లో కొనేవాణ్ణి."

"ఆ పెట్టె మీద రిబ్బను?"

"నేనే కట్టేవాణ్ణి."

"ఆఁ! సార్! ఇప్పుడు యాదికొచ్చింది! వెనక అంతా నుజ్జయిన తెల్ల బండి! మీరే తెచ్చినారు సార్, రికవరీ బండిలో, డ్రైవర్ పక్కన కూర్చోని. వెనక్కి తిరిగి తిరిగి చూసి ఏడ్చినారు."

"ఏడవలేదు. కళ్లలో ఇసుక పడింది."

"ఏం చేశారు నా బండిని?"

"నేర్చుకుందామనుకున్నాను."

"ఏంటీ?"

"మాన్యువల్ నేర్చుకుందామనుకున్నాను సీతా! నువ్వు ఆపరేషనయ్యి దిగేసరికి, ఎయిర్‌పోర్ట్‌కి నీ బండే నేను నడుపుకుంటూ వచ్చి నిలబడదామనుకున్నాను. నువ్వు చూసి ఆశ్చర్యపోవాలని. సాయంత్రాలు అమెరాత్‌లో ఖాళీ స్థలాల్లో తిప్పాను. బాగానే వచ్చింది. ఆ ధైర్యంతో గుట్ట రోడ్డెక్కాను. సగంలో ఆగిపోయింది. వెనక్కి జారడం మొదలెట్టింది. క్లచ్ తొక్కాలా, బ్రేక్ తొక్కాలా... రెండూ వదిలేశాను. కాంక్రీటు దిమ్మె ఉండబట్టి ఆగింది."

"మాన్యువల్ లైసెన్సు లేకుండా."

"అవును."

"సేఫ్టీ ఆఫీసరు."

"అవునే, సేఫ్టీ ఆఫీసరే! అందుకే ఎవరికీ చెప్పలేకపోయాను. తెల్లారితే సైట్లో నిలబడి అందరికీ చెప్పేవాణ్ణి, లైసెన్సు లేకుండా బండి ముట్టుకోవద్దని. ఈ సంగతి తెలిస్తే నా మాట ఎవడు వింటాడు? బండి నా పేరు మీదే ఉంది కదా, ఇక్కడ ఇచ్చేశాను. నీకేమో అమ్మేశానన్నాను. ఎవరికమ్మారన్నావు. నోటికొచ్చిన ఊరు చెప్పాను. బండి ఎవరు నడుపుతున్నారన్నావు. పిల్లని పుట్టించాను. నువ్వు ఆ పిల్ల గురించి అడిగినప్పుడల్లా ఇంకో అబద్ధం. ఖర్జూరాలు ఎందుకు కొన్నానో నాకే తెలీదు. నీ మొహం వెలిగేది."

"మీకు దెబ్బ తగిలిందా?"

"మెడ పట్టేసింది."

"దిండు బాగాలేక అన్నారు."

"దిండు బాగానే ఉంది."

"దిండు మార్పించాను కదండీ మీకోసం! కుంటుకుంటూ షాపుకెళ్లి!"

"తెలుసు. ఆ దిండు మీద నాకు నిద్ర పట్టదు."

"నేర్పమంటే నేను నేర్పేదాన్ని. ఒక్క మాట అడిగుంటే గుట్ట మీద చేతి బ్రేక్ ఎలా వాడాలో చూపించేదాన్ని. అడగరు. పెళ్లాన్నడిగితే ఏం పోతుందో! ...పోన్లెండి. మనిషి దక్కారు. బండిదేముంది, గుండెకాయ దొరికింది నాకు."

"అంటే కోపం లేదా?"

"చాలా ఉంది. ఖాదర్‌వలి గారూ, ఇది నాకిచ్చేయండి. ఇప్పుడే పట్టుకెళ్తాను. బిల్లు సార్ పేరున రాయండి."

"ఇప్పుడే అంటే మేడమ్, మీ కారులో పట్టదు. మా పికప్‌లో ఎక్కిస్తా, కానీ డ్రైవర్ జిలాని జుమా నమాజుకి పోయినాడు. నేనూ పోవాల. మాపటికి పంపిస్తా."

"మాపటిదాకా ఎందుకు? ఎక్కించి తాళం నాకివ్వండి. దింపుకుని రేపు పొద్దున్నే తెచ్చిచ్చేస్తాను."

"అది మాన్యువల్ మేడమ్. దాని క్లచ్ రాయి మాదిరి ఉంటాది. జిలానినే తిట్టుకుంటాడు."

"రాయే కావాలి. ఇవ్వండి."

"ఖాదర్‌వలీ, ఇవ్వకు! సీతా, మతి పోయిందా? బండి సంగతి వేరు, మోకాలి సంగతి వేరు. నేను చేసింది తప్పే, ఒప్పుకున్నాను. దానికీ దీనికీ ముడిపెట్టకు."

"మీరే పెట్టారు ముడి. ఎక్కించారా ఖాదర్‌వలి గారూ? తాడు గట్టిగా కట్టండి. ఆ బొట్టు పైకి ఉండేట్టు పెట్టండి."

"కట్టినా మేడమ్. సార్, నేనేం చేసేది, తాళం చేతిలోంచి లాక్కున్యారు."

"సీతా, దిగు. కాలు వణుకుతోంది చూడు."

"వణకనివ్వండి. తొక్కితే అదే ఆగుతుంది. ...ఆగింది. చూశారా?"

"సీతా! నా మాట వినకపోతే మానెయ్, డాక్టర్ మాటైనా విను! ఈ జన్మలో క్లచ్ తొక్కొద్దన్నాడు!"

"విన్నానండీ. వినే ఈ కారు కట్టడం మొదలుపెట్టాను. ఆ పెట్టెలు తెప్పించే ముందు ఆయనకి ఫోన్ చేశాను. 'క్లచ్ తొక్కొద్దని నేనెప్పుడన్నానమ్మా? మీవారెవరో కూడా నాకు తెలీదే, నాకెప్పుడూ ఫోన్ చెయ్యలేదే' అన్నారు. ఎందుకు అబద్ధమాడారో తెలీక ఇన్నాళ్లూ లోపల్లోపల కుమిలిపోయాను. ఇవాళ తెలిసింది, నుజ్జయిన బండిని దాచడానికని. ఇక పక్కకి జరగండి, డ్రమ్ముల మధ్యలోంచి వెనక్కి తీయాలి."